లోతు లేని సముద్రం ఒడ్డున బందరు

శ్రోతలకు నమస్కారం.

మచిలీపట్నాన్ని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ బందరనే పిలుస్తారు. పారశీకంలో బందరంటే రేవు. 1605లో డచ్చివారూ, 1611లో ఇంగ్లీషువారూ వచ్చి వర్తక స్థావరాలు పెట్టుకున్న రేవు ఇది. అయితే ఆ రేవుకు మొదటినుంచీ ఒక లోపం ఉంది. కృష్ణమ్మ ఏటేటా తెచ్చి పోసే ఒండ్రు మేట వేయడం వల్ల తీరం దగ్గర సముద్రానికి లోతు చాలదు. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలోనే లంగరు వేసుకుంటే, సరుకును పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. వ్యాపారాన్ని దెబ్బతీసిన ఆ లోతులేనితనమే ఊరి ప్రాణం మీదికి కూడా తెచ్చింది. బందరు చూసిన పెద్ద విపత్తులను అర్థం చేసుకోవాలంటే ముందు అక్కడి సముద్రపు అడుగును చూడాలని నా నమ్మకం.

బంగాళాఖాతంలో పుట్టిన తుఫానులో గాలి దాని కేంద్రం చుట్టూ గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుచేత తుఫాను మన తీరం దాటేటప్పుడు, దాటిన చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్ళ మీదికి గాలి సముద్రాన్ని తోసుకుంటూ వస్తుంది. దక్షిణాన ఉన్న ఊళ్ళలో నేల మీదినుంచి సముద్రం వైపు వీస్తుంది. లోతైన సముద్రంలో అలా తోసిన నీరు అడుగునుంచి వెనక్కు మళ్ళిపోతుంది. లోతు లేని చోట మళ్ళడానికి దారి ఉండదు గనుక, నీటి మీద నీరు ఎక్కి ఒడ్డు మీద పడుతుంది. దానినే మనం ఉప్పెన అంటాం. కెరటం వచ్చి వెనక్కి పోతుంది. ఉప్పెన అలా కాదు, సముద్రమే లేచి ఊళ్ళోకి నడిచి వచ్చి గంటల తరబడి నిలుస్తుంది. అడ్డం పడడానికి చిన్న గుట్టయినా లేని కృష్ణా డెల్టాలో అది ఎంత దూరం వస్తుందో 1864లో తెలిసింది.

ఆ సంవత్సరం నవంబరు 1, మంగళవారం. ఆ రాత్రి బందరు మీదికి వచ్చిన నీరు మామూలు పోటు మట్టం కంటే 13 అడుగులు పైకి లేచింది. కొన్నిచోట్ల 17 మైళ్ళ దాకా లోపలికి చొచ్చుకొని వెళ్ళి, దాదాపు 780 చదరపు మైళ్ళ నేలను ముంచింది. సుమారు 30,000 మంది ప్రాణాలు పోయాయి. ఆనాటి బందరు ఎంత చిన్నదో తెలిసినవారికి ఆ అంకె బరువు అర్థమవుతుంది. చీకట్లో జరగడం వల్ల ఎటు పరుగెత్తాలో తెలియని జనం నిద్రించిన చోటనే మునిగిపోయారు. బతికినవారికి తెల్లవారాక మరో కష్టం ఎదురయింది. కంటికి కనిపించేంత మేరా నీళ్ళే ఉన్నా చెరువులూ బావులూ ఉప్పుబారిపోవడంతో తాగడానికి గుక్కెడు లేవు. ఆ మరుసటి ఏడాదే కోటలోని సైన్యాన్ని ఎత్తివేశారు. ఒకనాడు గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవుగా వెలిగిన పట్నం ఆ దెబ్బనుంచి పూర్తిగా కోలుకోలేదు.

దానికి నెల కంటే తక్కువ రోజుల ముందే, 1864 అక్టోబరు 5న, కలకత్తాను మరో పెద్ద తుఫాను ముంచెత్తింది. ఆ తుఫానూ, తరువాత వచ్చిన అనావృష్టులూ కలిసి కళ్ళు తెరిపించాక, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రేవుల్లో తుఫాను సూచికలు ఎగరేసే పద్ధతి కూడా ఆ కాలంలోనే వేళ్ళూనుకుంది. ఒకటో నంబరు అంటే దూరాన సముద్రంలో ఏదో తయారవుతోందని; పదో నంబరు అంటే తుఫాను రేవు మీదనో, దాని పక్కనో తీరం దాటబోతోందని. పదకొండో నంబరు ఇంకా భయంకరమైనది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దాని అర్థం. బందరులో చదువు రానివారికి కూడా ఈ నంబర్ల భాష తెలుసు. బందరు పక్కనే ఉన్న గిలకలదిండిలో వల బాగుచేసుకుంటున్న మనిషి నంబరు మారిందని వినగానే వల పక్కన పెట్టి పడవను పైకి లాగడం మొదలుపెడతాడు.

మరి అంత తెలిసిన తీరంలో 1977 ఎందుకు జరిగింది? నవంబరు 19, శనివారం, తుఫాను చీరాల వైపు తీరం దాటింది. కృష్ణ పాయల మధ్యనున్న దివిసీమ చీరాలకు ఉత్తరాన ఉంది. నేను ముందు చెప్పినట్టు గాలి సముద్రాన్ని నేరుగా దివిసీమ మీదికి తోసింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చిన ఉప్పెన నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లోని పల్లెలను తుడిచిపెట్టింది. సొర్లగొంది వంటి ఊళ్ళలో ఇళ్ళకు ఇళ్ళు ఖాళీ అయిపోయాయి. లెక్కకు వచ్చిన మృతులే సుమారు 10,000. తాటిచెట్టెక్కి, నడుముకున్న పంచెతోనో చీరతోనో మానుకు తమను కట్టుకున్నవారు కొందరు తెల్లారే దాకా నిలిచారు. కట్టుకోనివారిని నీరు తుమ్మపొదల్లోకి లాగేసింది.

హెచ్చరికలు లేకపోలేదు. రేడియోలో వచ్చాయి. కానీ జనం విన్నది పెనుగాలి అని. గాలంటే వాళ్ళకు భయం లేదు. గుడిసె పైకప్పుకు తాళ్ళు బిగించి, పశువులను విప్పి, తలుపు వేసుకుని కూర్చోవడం వాళ్ళకు అలవాటే. ప్రాణాలు తీసింది నీరు. 1864కీ 1977కీ మధ్య 113 సంవత్సరాలు. ఉప్పెనను కళ్ళతో చూసిన మనిషి ఒక్కడు కూడా ఆ తీరాన మిగలలేదు. మాట మిగిలింది గాని, దాని ఎత్తు ఎంతో చెప్పగలిగినవారు లేరు. మైకు ముందు కూర్చుని మాట్లాడే నాలాంటి వాడికి ఇది చాలా బాధ కలిగించే సంగతి.

తరువాత పాఠం నేర్చుకున్నాం. బందరులో రాడార్ పెట్టారు, తీరం వెంట స్తంభాల మీద నిలిచే తుఫాను షెల్టర్లు కట్టారు, సరుగుడు తోటలు వేశారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను తీవ్రతలో తక్కువేమీ కాదు. అయినా లక్షకు పైగా జనాన్ని ముందే తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఆ వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. 2004 డిసెంబరు 26న మాత్రం ఏ రాడారూ చూడలేని సునామీ వచ్చింది. ఆ రోజు మార్గశిర పౌర్ణమి. స్నానాలకని జనం సముద్రం ఒడ్డుకు చేరే రోజు.

నన్ను ఇప్పుడు కలవరపెడుతున్నది మడ అడవుల సంగతి. కృష్ణా ముఖద్వారాల దగ్గర బురదలో వేళ్ళు పైకి లేచి నిలిచే ఆ చెట్లు నీటి వేగాన్ని విరుస్తాయి. రొయ్యల చెరువుల కోసం వాటిని నరికిన చోటల్లా సముద్రానికి దారి సులువు చేసినట్టే.

1977లో పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు అరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నారు. ఆ రాత్రి నీళ్ళు ఎంత వరకు వచ్చాయో వాళ్ళు ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి చూపించగలరు. ప్రతి ఊళ్ళో బడి గోడ మీదనో, రామాలయం స్తంభం మీదనో ఆ చెయ్యి ఆగిన చోట ఒక ఎర్రగీత గీసి, పక్కన తేదీ రాయించాలి. వాళ్ళు ఉండగానే ఆ పని జరగాలి.