మీ ఊరు నగరంలో కలుస్తోందా? ఆస్తి యజమాని మాట చెల్లేది ఎప్పటివరకు

[తెరపై: ఒక పటం. నగరం హద్దును చూపే ఎర్ర గీత మెల్లగా జరిగి కొన్ని పొలాలను, ఒక ఇళ్ల వరుసను లోపలికి తీసుకుంటుంది.]

ఊరిని నగరంలో కలుపుతున్నారన్న మాట పుట్టగానే రెండు రకాల కబుర్లు బయలుదేరతాయి. భూముల ధరలు ఆకాశాన్నంటుతాయని ఒకటి. పన్నులు కట్టలేక ఇళ్లు అమ్ముకోవాల్సిందేనని ఇంకొకటి. రెండూ చెప్పేది ఎక్కువగా భూమి కొనడానికో అమ్మడానికో వచ్చినవాళ్లే కాబట్టి, వాటిని కాసేపు పక్కన పెడదాం.

ముందు ఒక భయం తీర్చుకోవాలి. హద్దు జరిగినంత మాత్రాన ఆస్తి మీది కాకుండా పోదు. దస్తావేజు చెల్లుతుంది, తనఖా అలాగే ఉంటుంది, అద్దెకున్నవారు అద్దెకున్నవారే. మారేదల్లా మీ మీద అధికారం ఉన్న కార్యాలయం. పన్ను ఎవరు వేస్తారు, గోడ లేపడానికి ఎవరిని అడగాలి, మురుగు ఎవరు తీసుకుపోతారు, కొట్టు పెట్టుకోవచ్చా, పశువులను కట్టేసుకోవచ్చా అన్న ప్రశ్నలకు జవాబిచ్చేవారు మారతారు.

మరి వద్దంటే ఆగుతుందా?

[తెరపై: 1907, పిట్స్‌బర్గ్]

చాలా చోట్ల ఆగదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరం తన పొరుగున ఉన్న ఆలెఘెనీని కలుపుకున్నప్పుడు రెండు ఊళ్ల ఓట్లనూ ఒకే కుప్పగా లెక్కించారు. ఆలెఘెనీలో ఎక్కువమంది వద్దన్నా, పెద్ద ఊరి ఓట్లలో ఆ మాట మునిగిపోయింది. మా ఊరి పనులు మేం చేసుకున్నాం, పక్క ఊరి ఖర్చుకు మేమెందుకు పన్ను కట్టాలని అక్కడివారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. నగరాల హద్దులు మార్చడం రాష్ట్రం ఇష్టమని 1907లో తీర్పు వచ్చింది.

భారతదేశంలోనూ దారి దాదాపు ఇదే. ఉత్తరప్రదేశ్‌లోని తుల్సీపూర్‌లో ఒక చక్కెర మిల్లు, తమ వాదన వినకుండానే పట్టణ పరిధిలోకి చేర్చారని పోరాడి 1980లో సుప్రీంకోర్టులో ఓడింది. పరిధి ప్రకటించడం శాసనం చేయడం లాంటి పని, ప్రతి యజమానినీ పిలిచి వినాల్సిన అవసరం లేదని కోర్టు అంది. అయితే చట్టంలో అభ్యంతరాలకు గడువు రాసి ఉంటే దాన్ని పాటించాల్సిందే. టొరంటో సంగతి ఇంకా విచిత్రం. కెనడాలోని ఆ నగరాన్ని పొరుగున ఉన్న ఐదు పురపాలికలతో కలపాలా అని 1997లో జరిగిన ఓటింగులో నాలుగింట మూడొంతుల కంటే ఎక్కువమంది వద్దన్నారు. ఆ ఓటు ఫలితాన్ని ప్రభుత్వం పాటించి తీరాలన్న నియమం లేకపోవడంతో 1998 జనవరి 1న ఆరు పురపాలికలూ ఒకటైపోయాయి.

ఇవన్నీ విని చేతులెత్తేయకండి. గీతను ఆపడం మీ చేతిలో లేకపోవచ్చు. గీత ఎక్కడ పడుతుంది, ఏ షరతులతో పడుతుంది అన్నదాంట్లో మాత్రం మీ మాటకు విలువ ఉంటుంది. ఆ విలువ ముసాయిదా ప్రకటనకూ తుది ప్రకటనకూ మధ్య ఉన్న కొన్ని రోజులదే.

[తెరపై: ముసాయిదా నోటిఫికేషన్ నమూనా. ఒక వాక్యం కింద గీత: "తూర్పు హద్దు: రహదారి వెంబడి".]

ఆ కాగితాన్ని ఎలా చదవాలో చూద్దాం. వార్తల్లో ఊరి పేరు మాత్రమే వస్తుంది. మీకు కావలసింది అనుబంధంలో ఉంటుంది: సర్వే నంబర్లు, దిక్కులవారీ హద్దులు, ఒక పటం. "రహదారి వెంబడి" అని రాశారనుకోండి. రహదారికి ఈ అంచా, ఆ అంచా, నడిమి గీతా? నడిమి గీత అయితే రోడ్డులో సగం ఒకరిది, సగం ఇంకొకరిది. గుంత పడితే ఎవరూ పూడ్చరు. పటంలో ఒకటి, రాతలో ఒకటి ఉండటమూ అరుదేమీ కాదు. అన్నిటికంటే చిక్కు, గీత మీ స్థలం మధ్యలోంచి పోవడం. ఇల్లు లోపల, పెరడు బయట. రెండు పన్నులు, రెండు అనుమతులు, రెండు రకాల నిబంధనలు.

అభ్యంతరం రాసేది ఇలాంటి వాటి మీద. "మాకు విలీనం ఇష్టం లేదు" అన్న వంద ఉత్తరాలను ఒకే కట్టగా కట్టి పక్కన పెట్టేయవచ్చు. "ఫలానా సర్వే నంబరును గీత రెండుగా చీలుస్తోంది, మొత్తంగా లోపలైనా ఉంచండి, బయటైనా ఉంచండి" అన్న ఒక్క ఉత్తరాన్ని అలా పక్కన పెట్టేయడం కష్టం. గడువులోపు ఇవ్వండి, అందినట్లు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా సభలో ఎంత గట్టిగా మాట్లాడినా ఫైలులోకి వెళ్లేది కాగితమే.

ఇక షరతులు. మొదటిది పాత వినియోగం. నిన్నటిదాకా చట్టబద్ధంగా నడిచిన పశువుల కొట్టమో, మరమ్మతుల షెడ్డో కొత్త జోనింగ్‌లో, అంటే ఏ చోట ఏ పని చేయవచ్చో చెప్పే నగర నిబంధనల్లో, నిషిద్ధం కావచ్చు. చాలా చట్టాలు అలాంటి పనిని కొనసాగించనిస్తాయి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర చట్టంలోనైతే, విలీనం నాటికి భూమిని చట్టబద్ధంగా ఎలా వాడుతున్నారో అలా వాడుకోవడాన్ని నగరం ఆపరాదని, కొన్ని మినహాయింపులతో, నేరుగా రాసి ఉంది. కానీ ఆనాటికి ఆ పని నడుస్తోందని రుజువు చేయాల్సింది సాధారణంగా మీరే. లైసెన్సు, కరెంటు బిల్లులు, తేదీతో ఫొటోలు ముందే తీసి పెట్టుకోండి. మధ్యలో పని మానేసినా, కట్టడం కూలి మళ్లీ కట్టాల్సి వచ్చినా ఈ హక్కు పోవచ్చు.

రెండోది సౌకర్యాలు. నీళ్లూ మురుగు కాల్వా వస్తాయంటారు. ఎప్పటిలోగా అని అడగండి. కాల్వ మీ వీధి చివరికి వచ్చాక కలుపుకోవడం తప్పనిసరా, ఆ ఖర్చు ఎవరిది, బాగానే ఉన్న సెప్టిక్ ట్యాంకును పూడ్చాలా? పన్ను మొదటి ఏడాది నుంచే మొదలై, పైపు మాత్రం పదేళ్లకు వస్తే నష్టం మీదే. ఇక్కడ టెక్సాస్ కథ పనికొస్తుంది. అక్కడి హ్యూస్టన్ నగరం 1996లో తన శివారులోని కింగ్‌వుడ్‌ను అక్కడివారు వద్దంటున్నా కలుపుకుంది. అలాంటి గొడవలు పేరుకుని, చివరికి 2019లో చట్టం మారింది. ఇప్పుడు అక్కడ చాలా సందర్భాల్లో యజమానుల లేదా ఓటర్ల సమ్మతి లేకుండా కలుపుకోవడం కుదరదు. యజమాని తానే కలపమని అడిగితే, ఏ సేవ ఎప్పుడిస్తారో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి.

సమ్మతి అడిగే చోట యజమానికి నిజమైన బేరం ఉంటుంది. నగరం నీళ్లు కావాలంటే విలీనానికి ఒప్పుకున్నట్లు సంతకం పెట్టమంటారు. తొందరపడకండి. ఆ సంతకం కొన్ని చోట్ల రిజిస్టరయి, తర్వాత కొనేవారిని కూడా కట్టేస్తుంది. నగరం శివారులో స్థలం కొంటున్నవారు ఇలాంటి కాగితం ఉందేమో వెతికించడం మంచిది.

పన్ను గురించి ఒక్క మాట. కొత్త రేటును పాత రేటుతో పోల్చి బెంబేలెత్తకండి. పాత సంస్థకు కట్టే ఏయే రుసుములు ఆగిపోతాయో కూడా లెక్కలోకి తీసుకోండి. విలువ కట్టే పద్ధతి, సాగుభూమికి ఉన్న రాయితీ మారతాయా అన్నది రేటు కంటే ముఖ్యం.

[తెరపై: మాంట్రియల్ ద్వీపం పటం. 2002, 2004, 2006.]

కలిశాక విడిపోవచ్చా? అరుదుగా. 2002లో కెనడాలోని మాంట్రియల్ ద్వీపంలోని పురపాలికలన్నీ ఒకటయ్యాయి. 2004లో విడిపోవడానికి ఓటింగు పెట్టారు. గెలవాలంటే పోలైన ఓట్లలో మెజారిటీ సరిపోదు, నమోదైన ఓటర్లలో 35 శాతం మంది విడిపోదామనాలి. 15 పట్టణాలు గెలిచి 2006లో మళ్లీ ఏర్పడ్డాయి. కానీ పోలీసు, అగ్నిమాపక సేవ, ప్రధాన నీటి సరఫరా ఉమ్మడిగానే ఉండిపోయాయి. వాటికి ఆ పట్టణాలు వాటా కడుతూనే ఉన్నాయి.

[తెరపై: రెండు పన్ను బిల్లులు పక్కపక్కన.]

విలీనం జరిగిపోయిందా? అయితే మొదటి బిల్లును అక్షరం అక్షరం చదవండి. పాత రికార్డులను కొత్త కార్యాలయంలోకి ఎక్కించేటప్పుడు ఇల్లు దుకాణమైపోతుంది, విస్తీర్ణం పెరుగుతుంది, ఉన్న మినహాయింపు ఎగిరిపోతుంది. సవరణ కోరే గడువు ఉంటుంది, చూసుకోండి. పాత కార్యాలయంలో కట్టిన రసీదులు పారేయకండి. ఒకే ఏడాదికి రెండు చోట్ల నుంచీ బిల్లు వస్తే చూపాల్సింది వాటినే.