ఉగాదికి టమాటా నారు నాటవద్దు

అందరికీ నమస్కారం. మేడ మీద కుండీల్లో టమాటా నారు ఎప్పుడు నాటాలో చెప్పమని నన్ను పిలిచారు. ఎప్పుడు నాటకూడదో ముందు చెబుతాను. నర్సరీలో నారు కనిపించింది కదా అని నాటకూడదు. మన హైదరాబాదు నర్సరీల్లో టమాటా నారు ఏడాది పొడవునా దొరుకుతుంది. తెస్తాం, నాటుతాం, మొక్క ఏపుగా పెరిగి పూత పూస్తుంది. ఆ పూతంతా తొడిమతో సహా రాలిపోతుంది. అప్పుడు ఎరువును అనుమానిస్తాం.

నేనూ అలా అనుమానించినవాడినే. చాలా ఏళ్లు ఉగాదికే నాటేవాణ్ణి. కొత్త సంవత్సరం, కొత్త మొక్క అని సరదా. మార్చి నెలాఖరున నాటితే ఏప్రిల్ చివరికి పూత వస్తుంది. అప్పటికి మేడ మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టలేం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ, టమాటా పువ్వు అంతదాకా ఆగదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 దగ్గరే నిలిచిపోతే పుప్పొడి చెడిపోతుంది. పువ్వు విచ్చుకుంటుంది, పిందె కట్టదు. నేను వేపపిండి వేశాను, పుల్లమజ్జిగ చల్లాను. పాపం, ఆ మొక్క అడిగింది కాస్త చల్లటి రాత్రి.

పిందె బాగా కట్టాలంటే రాత్రి ఉష్ణోగ్రత సుమారు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకే నాటే తేదీని పూత నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. నాటిన నెల రోజులకు కాస్త అటూ ఇటూగా పూత మొదలవుతుంది. విత్తిన 25 నుంచి 30 రోజులకు నారు నాటడానికి వస్తుంది. మన దగ్గర నవంబరు రాత్రులు పూతకు హాయిగా ఉంటాయి. అంటే సెప్టెంబరు రెండో పక్షంలో విత్తి, అక్టోబరు రెండో పక్షంలో నాటాలి. సంక్రాంతికి పప్పులోకి మన టమాటాలే వస్తాయి. రెండో అదను జనవరి. చలి తగ్గే వేళకు పూత, ఎండలు ముదిరేలోపు కాయ. జనవరి దాటితే నేనైతే ఆ కుండీలో బెండ విత్తుతాను.

మదనపల్లె రైతులు వేసవిలో పండిస్తున్నారు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పైగా వాళ్ల మొక్క వేళ్లు నేలలో ఉంటాయి, మనవి నాలుగు వైపులా కాలే కుండీలో ఉంటాయి. పొలంతో మేడకు పోటీ పెట్టకండి.

వానాకాలంలోనూ నాటవచ్చు. కానీ ఆకుమచ్చలు, వేరుకుళ్లు ఎక్కువ. 2023 జూలైలో కిలో టమాటా ధర వంద దాటి పైకి పోయినప్పుడు మా వీధిలో ప్రతి మేడ మీదా టమాటా మొక్క వెలిసింది. నాటాక పండు చేతికి రావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. అవి కాసే వేళకు ధర దిగిపోయింది. బజారు ధర చూసి నాటే పంట అలాగే ఉంటుంది.

అమెరికా వీడియోలు చూసి తేదీలు రాసుకునేవారికి ఒక మాట. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు మంచు కురిసే భయం పోయేదాకా ఆగి, మే నెలలో నాటుతారు. వాళ్ల శత్రువు చలి, మన శత్రువు ఎండ. ఆ లెక్క ఇక్కడ పెడితే నట్టనడి వేసవిలో నారు నాటినట్టవుతుంది.

ఇక నారు సంగతి. ఎత్తు చూసి మోసపోవద్దు. జానెడు పొడవున సాగిన నారు కంటే బెత్తెడు ఎత్తున, నాలుగైదు ఆకులతో, కాండం గట్టిగా ఉన్నదే మేలు. నీడలో పెరిగింది కాబట్టే అది సాగింది. వేరే దారి లేక సాగిన నారే తేవలసి వస్తే కింది ఆకులు గిల్లి, కాండాన్ని లోతుగా పాతండి. టమాటా కాండానికి మట్టి తగిలిన చోటల్లా వేళ్లు పుడతాయి. వంగ, మిరపకు ఈ వైద్యం పనికిరాదు. అంటుకట్టిన టమాటా నారును కూడా అంటు మట్టిలో మునిగేలా పాతకూడదు.

నాటే ముందు వారం రోజులు నారును రాటుదేల్చాలి. నీళ్లు కొంచెం తగ్గించి, మొదట ఉదయపు ఎండలో గంటసేపు, తర్వాత రోజురోజుకూ ఎక్కువసేపు ఉంచాలి. షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను నేరుగా ఎండలో నిలబెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి. నాటేది ఎప్పుడూ సాయంత్రమే. తెల్లదోమ మీద కన్నేసి ఉంచండి, ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. లేత మొక్కకు అది సోకితే పీకేయడమే, నయం కాదు.

అదిగో, ఆ బల్ల మీది ట్రేలలో ఉన్నది 27 రోజుల నారు, అర్క రక్షక్ రకం. వారంగా ఎండకు అలవాటు పడింది. మనిషికి నాలుగు మొక్కలు తీసుకోండి. ఇవాళ ఎండ తగ్గాక నాటేయండి. చివరి ట్రేలో కొన్ని పొడవుగా, అందంగా కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి. అవి నేను వంటింటి కిటికీలో పెట్టి మరిచిపోయినవి.