ఇంగ్లండ్ బళ్లో చిన్నపిల్లలకు యేసు ఉపమానాలు ఎట్లా చెప్తారు? | ఆవాలకు కూడా పర్మిషన్ | లెస్టర్ వ్లాగ్

అందరికీ వందనాలండి. అమ్మా, పిన్నీ, మన చర్చి సండే స్కూల్ అక్కలూ, ఈ వీడియో ముఖ్యంగా మీకోసమే. వీబీఎస్, అదే వేసవి సెలవుల బైబిల్ బడి, దగ్గరపడుతోంది, "అక్కడ పిల్లలకు ఉపమానాలు ఎట్లా చెప్తారో ఒకసారి చూపించవే" అని వాయిస్ మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు. చెప్పడం చెప్తాను గానీ క్లాసు లోపల చూపించడం కుదరదండి. ఇక్కడ పిల్లలున్న చోట మనం ఫోన్ బయటికి తీయకూడదు. పొద్దున వెళ్లగానే లాకర్లో పెట్టేయాలి, సాయంత్రమే తీసుకోవాలి. అందుకని బళ్లో వాడే సామాన్లలాంటివే ఇంట్లో తయారుచేసి, ఇదిగో, ఈ డైనింగ్ టేబుల్ మీద పరిచాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. మాది ఖమ్మం వైపు, డోర్నకల్ డయోసిస్‌లో పల్లెటూరు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటున్నాం. నేను ఒక ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌ని. ఐదు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలు మా దగ్గర ఉంటారు. ఇది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ బడి. ఈ దేశంలో ఆ చర్చికి దాదాపు 4,600 బళ్లున్నాయి, వాటిల్లో 10 లక్షల మంది దాకా పిల్లలు చదువుతున్నారు. ఫీజు లేదు, గవర్నమెంట్ డబ్బుతోనే నడుస్తాయి.

చర్చి బడి అంటే అందరూ మనవాళ్లే ఉంటారనుకోకండి. మా క్లాసులో గుజరాతీ పిల్లలున్నారు, ముస్లిం పిల్లలున్నారు, సిక్కు పిల్లలున్నారు, ఏ మతమూ లేని ఇళ్లవాళ్లు కూడా ఉన్నారు. ఆర్‌ఈ అని ఒక సబ్జెక్టు ఉంటుంది, మతాల గురించిన పాఠం. చర్చి బడైనా, మామూలు సర్కారు బడైనా 1944 చట్టం నుంచి అది చెప్పి తీరాలి. తల్లిదండ్రులకు వద్దనిపిస్తే పిల్లల్ని ఆ పీరియడ్ నుంచి తప్పించుకోవచ్చు. దీపావళి గురించి చెప్తారు, రంజాన్ గురించి చెప్తారు, యేసు చెప్పిన కథలూ చెప్తారు. టీచర్ ఎప్పుడూ "క్రైస్తవులు ఇట్లా నమ్ముతారు" అంటుంది, "మనం నమ్ముతాం" అనదు. నాకది మొదట్లో చలిగాలి తగిలినట్టు అనిపించేది. ఇప్పుడు ఆ పద్ధతి మీద గౌరవం పెరిగింది. ఎందుకో చెప్తాను.

ముందు ఆవాల సంగతి. ఇది చెప్పకపోతే మా పిన్ని ఊరుకోదు.

పరలోక రాజ్యం ఆవగింజలాంటిదని, అంత చిన్న గింజ చెట్టంత పెరిగితే పిట్టలొచ్చి దాని కొమ్మల్లో ఉంటాయని యేసు చెప్పాడు కదా. ఆ ఆవగింజ ఉపమానం రోజున పిల్లలకు నిజమైన ఆవగింజ చూపిస్తే బాగుంటుందని టీచర్‌తో అన్నాను. మన పోపుల డబ్బాలో ఎప్పుడూ ఉండేదే కదా! ఆవిడ సంతోషపడి, "ముందు ఆఫీసులో అడుగుదాం" అంది. ఆవాలకు ఆఫీసులో అడగడమేంటి అనుకుంటున్నారా? ఈ దేశంలో తిండిపదార్థాల మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీల జాబితా ఒకటుంది, మొత్తం 14. పాలు, గుడ్లు, వేరుశనగ, నువ్వులు, వాటితోపాటు ఆవాలు కూడా. మనం రోజుకు రెండుసార్లు చిటపటలాడించే ఆవాలండి! ఆఫీసులో క్లాసు పిల్లల అలర్జీ పేపర్లన్నీ తిరగేశారు. ఎవరికీ లేదు. అయినా చేతికి ఇవ్వొద్దన్నారు. సరేనని, నల్ల అట్టముక్క మీద ఒక్కో పిల్లకు ఒక్కో గింజ పెట్టి, పైన పారదర్శకంగా ఉండే టేప్ అంటించి తీసుకెళ్లాను. బెల్‌గ్రేవ్ రోడ్డులో మన ఇండియన్ షాపులన్నీ ఉంటాయి. అక్కడ చిన్న ప్యాకెట్ ఒకటిన్నర పౌండ్లు, అంటే మన డబ్బుల్లో 170 రూపాయల పైమాటే. నల్ల అట్ట మీద నల్ల గింజ కనిపించదని పసుపుపచ్చ ఆవాలు కూడా కొన్నాను, అదొక ఖర్చు.

కానీ ఆ ఖర్చుకు వెయ్యి రెట్లు వచ్చిందండి. ముక్కు అట్టకు ఆనించి మరీ చూస్తున్నారు. ఒక పిల్లాడు గింజ మీద వేలు పెట్టి, "ఇప్పుడు లేదు" అన్నాడు. వేలు తీసి, "ఇప్పుడు ఉంది" అన్నాడు. చాలాసేపు అదే ఆట. టీచర్ ఆపలేదు. ఆ తర్వాత ఆవిడ గోడ పక్కన నిలబడి చెయ్యి పైకెత్తింది. యేసు తిరిగిన గలిలయ వైపు నల్ల ఆవ మొక్క ఒక్క ఏడాదిలోనే మనిషిని దాటి, రెండు మూడు మీటర్లు పెరుగుతుంది. పిల్లలు తలలెత్తి ఆ చేతికేసి చూశారు, మళ్లీ అట్టకేసి చూశారు. టీచర్ అడిగిందల్లా ఒక్కటే: "ఆ పిట్టలకు ఈ చెట్టుందని ఎవరు చెప్పి ఉంటారు?" అంతే. పరలోక రాజ్యమంటే ఇది, విశ్వాసమంటే ఇది అని ఏమీ చెప్పలేదు. గంట కొట్టారు, పిల్లలు కోట్లు వేసుకుని ఆడుకోవడానికి పోయారు.

నేను చెప్పదలచుకుంది ఇదే అక్కా. మనం కథ చెప్తాం, పాట పాడిస్తాం, బంగారు వాక్యం కంఠతా పట్టిస్తాం, చివర్లో "ఈ కథలో నీతి ఏంటి పిల్లలూ?" అంటాం, అందరూ ఒక్క గొంతుతో చెప్తారు. ఆ వాక్యాలు ఈరోజుకీ నా నోట్లో ఉన్నాయి, కష్టకాలంలో అవే ఆదుకున్నాయి. కాబట్టి వాటిని మానమని చెప్పను. కానీ ఆ చివరి ప్రశ్న మాత్రం ఈ చిన్నపిల్లల దగ్గర వదిలేయండి. జవాబు మనం చెప్పేస్తే కథ అక్కడితో అయిపోతుంది. చెప్పకపోతే వాళ్లు ఇంటికి తీసుకెళ్తారు.

ఈ పద్ధతి వెనక పెద్ద ఆలోచన ఉందండి. రోమ్‌లో సోఫియా కవలెత్తి అనే ఆవిడ 1954లో చిన్నపిల్లలతో మాంటిస్సోరి పద్ధతిలో, అంటే పిల్లలు వస్తువులు చేత్తో పట్టుకుని తమంతట తామే నేర్చుకునే పద్ధతిలో, బైబిల్ చెప్పడం మొదలుపెట్టింది. ఆ దారిలోనే అమెరికాలో జెరోమ్ బెర్రీమన్ అనే ఫాదర్ 'గాడ్లీ ప్లే' అనే కథలు చెప్పే పద్ధతి తయారుచేశాడు. ఇదిగో, ఈ పెట్టె చూడండి. చెప్పుల డబ్బాకు బంగారు రంగు కాగితం అంటించాను. ఉపమానం ఎప్పుడూ బంగారు పెట్టెలోంచే వస్తుంది. మూత ఉంటుంది, ఎందుకంటే ఉపమానం ఒక్కోరోజు తెరుచుకోదు. అప్పుడు ఇంకోరోజు రావాలి, అంతే. పెట్టెలో ఫెల్ట్ గుడ్డలు, అట్టతో కోసిన బొమ్మలు. చెప్పేవాళ్లు పిల్లల మొహాల్లోకి చూడరు, గుడ్డ మీద బొమ్మలనే చూస్తూ నెమ్మదిగా చెప్తారు. అప్పుడు పిల్లలూ కథనే చూస్తారు, మనల్ని చూడరు. ఈ ఫెల్ట్ ముక్కలు ఇక్కడ ఒక్కోటి పౌండున్నర. మీరు కొనకండి. పాత లంగా ముక్కలు చాలు.

ఆరేళ్ల లోపు వాళ్లకు ఆవగింజ, పులిసిన పిండి, ముత్యం, మంచి కాపరి, ఇవి ముందు. మంచి సమరయుడు, క్షమించని దాసుడు లాంటివి ఆ తర్వాత. కవలెత్తి క్రమం కూడా అదే.

ఇప్పుడు అసలు కథకొస్తా. ద్రాక్షతోట పనివాళ్లు, మత్తయి ఇరవయ్యో అధ్యాయం.

కార్పెట్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, ఊదారంగు ఊలు ఉండలు గుమ్మరించారు. అవే ద్రాక్షపళ్లు. పిల్లల్ని ఐదు గుంపులు చేశారు. టీచర్ చేతిలో అట్ట గడియారం. ముల్లు ఆరు మీద పెట్టి మొదటి గుంపును పిలిచింది. తర్వాత తొమ్మిది, పన్నెండు, మూడు. వాళ్లు వంగి ఏరుతూనే ఉన్నారు. ఐదింటి గుంపు గోడకానుకుని నిలబడి విసిగిపోయింది. వాళ్లను పిలిచి తలా ఒక ఉండ ఏరగానే "పొద్దుగూకింది" అంది. కూలి బంగారు స్టిక్కర్. బైబిల్లో ఉన్నట్టే చివర వచ్చినవాళ్లకు ముందు ఇచ్చింది. అది చూసి మొదటి గుంపు మొహాలు వెలిగిపోయాయి, తమకు ఐదారు వస్తాయని. చివరికి వాళ్ల చేతుల్లోనూ ఒక్కో స్టిక్కరే పడింది.

ఇక చూడండి! "నాట్ ఫెయిర్, మిస్!" ఒకడైతే స్టిక్కర్ తిరిగిచ్చేశాడు. ఇంకో పాప చేతులు కట్టుకుని వెనక్కి తిరిగి కూర్చుంది. మన దగ్గరైతే అక్కడే "సణగకూడదు" అని వాక్యం చెప్పేవాళ్లం. టీచర్ మాత్రం అందరి కోపమూ విన్నది. అప్పుడు గోడ దగ్గర నిలబడ్డవాళ్లను అడిగింది: "ఎవరూ పిలవకుండా నిలబడ్డప్పుడు మీకెట్లా ఉంది?" ఒక పాప మెల్లగా, "మా పేరు మర్చిపోయారేమో అనుకున్నా" అంది.

టీచర్ నావైపు తిరిగి, "మీ ఊళ్లో కూలికి ఇట్లాగే పిలుస్తారా?" అని అడిగింది. అమ్మా, నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. మిర్చి ఏరడానికి తెల్లారకముందే సద్ది కట్టుకుని రోడ్డు మీద నిలబడేది కదా. ఆటో వచ్చేది, వయసులో ఉన్నవాళ్లు ఎక్కేవాళ్లు, "ముసలమ్మా, నువ్వు రేపు రా" అని వెళ్లిపోయేవాళ్లు. ఆమె ఇంకో ఆటో కోసం ఎండెక్కేదాకా నిలబడేది. నాకొచ్చిన ఇంగ్లీషులో అదే చెప్పాను. మిరపకాయలు ఏరితే వేళ్లు మండుతాయని, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకూడదని కూడా చెప్పాను. క్లాసంతా చప్పుడు లేదు. స్టిక్కర్ తిరిగిచ్చిన పిల్లాడే అడిగాడు: "ఆ రోజు ఆవిడ ఏం తిన్నది?"

పక్కింటివాళ్లు పెట్టారని చెప్పాను. నిజమే, పెట్టేవాళ్లు.

కథలో ఆ రోజు కూలి ఒక దేనారం. అప్పట్లో ఒక కుటుంబం ఒక్కరోజు గడవడానికి సరిపోయే కూలి. ఇక్కడ 21 ఏళ్లు దాటినవాళ్లకు గంటకు కనీస కూలి 2025 ఏప్రిల్‌లో 12.21 పౌండ్లు చేశారు. ఎనిమిది గంటలకు 97 పౌండ్ల పైన, పౌండు 115 రూపాయల లెక్కన 11,000 దాటుతుంది. గంట మాత్రమే పనిచేసినవాడికి అదంతా ఇచ్చాడు ఆ యజమాని. మా అమ్మమ్మకు అట్లాంటి ఆసామి ఒక్కడూ దొరకలేదు. నేను ఆ కథ చిన్నప్పటి నుంచి విన్నాను గానీ, ఐదింటి గుంపులో అమ్మమ్మను చూసింది ఆ రోజే.

మంచి సమరయుడి దగ్గర మాత్రం ఇక్కడి పద్ధతి నాకు నచ్చలేదండి. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని ఒక సమరయుడు ఆదుకున్న కథ అది. యూదులకూ సమరయులకూ పడదని పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పాలని, దెబ్బలు తిన్నవాడికి మా ఊరి ఫుట్‌బాల్ టీమ్ లెస్టర్ సిటీ టీషర్టు, ఆదుకున్నవాడికి దానికి పడని టీమ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ టీషర్టు వేశారు. పిల్లలు నవ్వారు, బాగా అర్థమైందన్నారు. కానీ ఫుట్‌బాల్ గొడవ శనివారం మొదలై ఆదివారానికి అయిపోతుంది. ఊరికీ వాడకీ మధ్య దారిలో నడిచిన మనకు తెలుసు అది ఎంత లోతైన గీతో. తాకకూడదన్నవాడు తాకాడు, లేపాడు, తన గాడిద మీద ఎక్కించుకున్నాడు, పూటకూళ్లవాడికి డబ్బులిచ్చాడు. మన పిల్లలకు ఈ కథ టీషర్టు లేకుండానే చెప్పొచ్చు. యెరూషలేము నుంచి యెరికోకు దారి దాదాపు 1,000 మీటర్ల లోతుకు దిగుతుంది, అంతా రాళ్లూ మలుపులూ. ఆ దారిని ముదురు గోధుమరంగు గుడ్డతో, ఇట్లా మడతలు మడతలుగా వేయండి.

గొర్రెల కథ దగ్గరా అంతే, మనవాళ్లదే పైచేయి. ఇక్కడ ఊరు దాటితే అన్నీ గొర్రెలే, వీపు మీద నీలమో ఎరుపో రంగు గుర్తు వేసి ఉంటాయి. కానీ కాపరి కనపడడు. కంచె ఉంటుంది. కాపరి ఏం చేస్తాడని అడిగితే మా పిల్లలు "క్వాడ్ బైక్ నడుపుతాడు" అన్నారు. గొంగడి వేసుకుని ముందు నడిచే గొల్లాయన్ని, ఆయన గొంతు వినగానే తలలెత్తే మందను మన పిల్లలు రోజూ చూస్తారు. ఆ పెద్దాయన్నే ఒకరోజు సండే స్కూల్‌కి పిలవండి.

తప్పిపోయిన కుమారుడు, అంటే ఇల్లు వదిలి పోయి తిరిగొచ్చిన కొడుకు కథ చెప్పేటప్పుడు టీచర్ ఒక పని చేస్తుంది. కొడుకు బొమ్మ దూరం జరిగినప్పుడల్లా, ఏమీ చెప్పకుండా తండ్రి బొమ్మను కూడా ఇంట్లోంచి గుమ్మానికి, గుమ్మం నుంచి వాకిటికి జరుపుతుంది. లూకా సువార్తలో తండ్రి అతన్ని దూరం నుంచే చూశాడని ఉంది కదా, అంటే చూస్తూనే ఉన్నాడన్నమాట. నాన్నా, నువ్వు సాయంత్రం బస్సు వేళకు అరుగు మీద కూర్చుంటావని అమ్మ చెప్పింది. నేను ఆ బస్సులో రాను కదా నాన్నా, డిసెంబర్‌లో టికెట్లు తగ్గితే వస్తాం.

సరే, వీబీఎస్ సంగతి. ఒకాయన చల్లిన గింజలు నాలుగు రకాల నేలల్లో పడే కథ ఉంది కదా, ఆ విత్తువాడి ఉపమానానికి ఈ గుడ్డలు, పెట్టెలు ఏవీ వద్దు. మే నెలలో చేలన్నీ ఖాళీగా ఉంటాయి. పొద్దున్నే ఎండ రాకముందు పిల్లల్ని తీసుకెళ్లండి. బండ్లబాట, రాళ్లగుట్ట, ముళ్లకంప, దున్నిన నేల, నాలుగూ ఒక్క చేలోనే దొరుకుతాయి. గుప్పెడు జొన్నలిచ్చి నాలుగు చోట్లా చల్లనివ్వండి. పిట్టలు వస్తాయి, చూడనివ్వండి. "నువ్వు ఏ నేల?" అని మాత్రం ఆ పసివాళ్లను అడగకండి. ఇంట్లో రోజూ తిట్లు తినే పిల్లాడు "నేను రాళ్ల నేలని" అనేస్తాడు, ఆ మాట వాడిలో ఉండిపోతుంది. చల్లినాయన అన్ని చోట్లా ఎందుకు చల్లాడో అడగండి. ఏం చెప్పారో నాకు వాయిస్ పెట్టండి అక్కా, మా టీచర్‌కి కూడా వినిపిస్తాను.