మొలోచ్నా: అజోవ్ స్టెప్పీలో ఒక చిన్న నది

సభకు నమస్కారం. దక్షిణ ఉక్రెయిన్‌లో, అజోవ్ సముద్రానికి ఉత్తరాన పరుచుకున్న స్టెప్పీ గడ్డి మైదానంలో పారే మొలోచ్నా నది గురించి ఈరోజు మాట్లాడదలచుకున్నాను. దీని పొడవు 197 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం సుమారు 3,450 చదరపు కిలోమీటర్లు. గోదావరి, కృష్ణలను చూసిన కళ్లకు ఇది ఏరులాగే కనిపించవచ్చు. కానీ చిన్న స్టెప్పీ నదుల స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని నా అభిప్రాయం.

అజోవ్ ఎత్తుప్రాంతపు వాలుల్లో పుట్టిన నీరు మొదట పడమరగా సాగి, తోక్మాక్ పట్టణ పరిసరాలు దాటాక దక్షిణానికి మళ్లి, కుడి గట్టున ఉన్న మెలిటోపోల్ నగరం పక్కగా పారి, చివరకు మొలోచ్నీ లిమాన్ అనే ఉప్పునీటి సరస్సులో కలుస్తుంది. కుడి గట్టు ఎత్తుగా ఉంటే, ఎడమ వైపు నేల చదునుగా పరుచుకుని ఉంటుంది. ఏడాదంతా పారే నీటిలో ఎక్కువ భాగం వసంతంలో మంచు కరిగే కొద్ది వారాల్లోనే వచ్చేస్తుంది. వేసవిలో కురిసే వానకంటే ఆవిరయ్యేదే ఎక్కువ కాబట్టి, ఎగువన రెల్లు పొదల మధ్య మడుగులు మాత్రమే మిగులుతాయి.

మెలిటోపోల్‌కు ఉత్తరాన ఈ లోయలోనే కమ్యానా మొహిలా అనే ఇసుకరాతి గుట్ట ఉంది. రాయి కనబడడమే అరుదైన ఆ మైదానంలో, ప్రాచీన సర్మేషియన్ సముద్రపు ఇసుక గట్టిపడి ఏర్పడిన రాతి పలక కాలక్రమంలో పగిలి, బండలు ఒకదానిమీద ఒకటి ఒరిగి, సుమారు 12 మీటర్ల గుట్టగా నిలిచింది. ఆ బండల కింది సందుల్లోకి వంగి దూరితే తప్ప కనిపించని చోట్ల, చరిత్రపూర్వ మానవులు ఎద్దులను, గుర్రాలను, అర్థం తేలని గీతలను చెక్కారు.

1804 నుంచి ఈ లోయలో జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ (ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) రైతులు స్థిరపడ్డారు. తేమ నిలవడానికి పొలాన్ని దున్ని బీడుగా వదలడం, చెట్లు పెంచడం వంటి పద్ధతులను వారిలో యోహాన్ కోర్నీస్ పట్టుదలతో వ్యాప్తి చేశాడు. మనకు ఆసక్తి కలిగించే మాట ఒకటి ఇక్కడ చెప్పాలి: 1860లో ఈ లోయలోనే ఏర్పడిన మెన్నొనైట్ బ్రెదరన్ సంఘం తరఫునే అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో మిషనరీలుగా నల్గొండకు వచ్చారు.

ఇక లిమాన్ సంగతి. దానికీ అజోవ్ సముద్రానికీ మధ్య సన్నని ఇసుక దిబ్బ ఉంది. పులికాట్ ముఖద్వారం పూడిక కష్టాలు ఎరిగిన మనకు ఇది కొత్త కాదు: దిబ్బలో నీరు వచ్చిపోయే మొగ మూసుకుపోతే, లోపలి నీరు ఆవిరై, ఉప్పు పెరిగి, చేపలు నశిస్తాయి. మొగ తవ్వి సముద్రపు నీటిని రప్పిస్తే కొంతకాలం ఊరట దొరుకుతుంది గాని, ఆ నీరూ ఉప్పునీరే. లిమాన్‌కు కావలసిన మంచినీరు నది నుంచే రావాలి. ఏడాదికి సరిపడా నీరు కొద్ది వారాల్లోనే దిగివచ్చే ఇలాంటి నదికి, ఎగువన వాగుల మీద కట్టిన చెరువులు ఆ వారాల్లో ఎంత ఆపుకోవాలి, ఎంత వదలాలి అన్న నిర్ణయం లిమాన్‌ను కూడా దృష్టిలో ఉంచుకునే జరగాలి. 2022 నుంచి మెలిటోపోల్, తోక్మాక్ రెండూ రష్యా సైన్యం ఆక్రమణలో ఉన్నాయి. ఆ యుద్ధం ముగిసిన రోజున, మొగ తవ్వే పనితోపాటు ఈ లెక్క కూడా మొదలుకావాలి.