పుల్లింగ్ కోసం ఇన్‌లైన్ సిక్స్: పెద్ద క్యామ్ ఎందుకు వద్దు?

(బెంచీ మీద విప్పిన ఇంజిన్. కెమెరా క్యామ్‌షాఫ్ట్ దగ్గర ఆగుతుంది.)

ట్రక్ ఇంజిన్ దించి రీబిల్డ్ చేస్తున్నామంటే చాలామంది చూపు ముందు పెద్ద క్యామ్ మీదే పడుతుంది. క్యామ్ అంటే వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్; పెద్ద క్యామ్ వాటిని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. లోడు లాగే బండికి అది పనికిరాదు. మనకు పుల్లింగ్ కావాల్సింది 1500, 2000 ఆర్‌పీఎం దగ్గర.

ఈ ఫోర్డ్ 300నే చూడండి, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండే ఇంజిన్. 1965లో వచ్చింది. 4.9 లీటర్లు, ఏడు మెయిన్ బేరింగులు, బోరూ (సిలిండర్ వెడల్పు) స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) దాదాపు నాలుగేసి అంగుళాలు. కింది స్పీడులో లాగడం దీనికి పుట్టుకతో వచ్చిన గుణం. మనం చెడగొట్టకుండా ఉంటే సగం పని అయిపోయినట్టే!

(యానిమేషన్: పిస్టన్ పైకి వస్తోంది, ఇన్‌టేక్ వాల్వ్ తెరిచే ఉంది.)

పిస్టన్ కిందికెళ్లి మళ్లీ పైకి బయల్దేరింది, వాల్వ్ ఇంకా మూసుకోలేదు. ఇంజిన్ జోరుగా తిరుగుతుంటే గాలి ఊపు మీద లోపలికి వస్తూనే ఉంటుంది. నిదానంగా తిరిగేటప్పుడు ఆ ఊపు ఉండదు, పీల్చిన గాలిని పిస్టనే వెనక్కి నెట్టేస్తుంది. పెద్ద క్యామ్‌లో వాల్వ్ మరీ ఆలస్యంగా మూసుకుంటుంది. పుల్లింగ్ పోయేది అక్కడే.

కాబట్టి డ్యూరేషన్, అంటే క్రాంక్ తిరిగే డిగ్రీల్లో వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి, తక్కువున్న క్యామ్ వేయండి. 0.050 అంగుళాల లిఫ్ట్ (క్యామ్ పైకి లేపే ఎత్తు) దగ్గర కొలిస్తే 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే చాలు. క్యామ్‌ను నాలుగు డిగ్రీలు అడ్వాన్స్ చేసి (ముందుకు జరిపి) బిగిస్తే వాల్వ్ ఇంకాస్త ముందే మూసుకుంటుంది. అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటక కొట్టడం) రావచ్చు. ఆ ఒత్తిడి పిస్టన్ల మీద కూడా ఆధారపడుతుంది, అందుకే క్యామ్ ఖరారయ్యాకే పిస్టన్లు కొనండి.

హెడ్ పోర్టులు పెద్దవి చేయొద్దు. దారి ఇరుకైతేనే గాలికి వేగం. వాల్వ్ సీట్లు మాత్రం శుభ్రంగా కట్ చేయించండి. బోరింగ్, హోనింగ్, రింగులు మామూలే.

(ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ క్లోజప్.)

నాకు బాగా నచ్చేది ఇదీ. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరుస, 1-5-3-6-2-4. ముందు మూడింట్లో ఒకటి, వెనక మూడింట్లో ఒకటి, వంతులవారీగా పేలతాయి. ముందు మూడింటికి ఒక పైపు, వెనక మూడింటికి ఒక పైపు ఇస్తే ఒక్కో పైపులోకి ప్రతి 240 డిగ్రీలకు ఒక్క దెబ్బే పడుతుంది. ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డురాదు.

(ఇంజిన్ స్టార్ట్ అవుతుంది.)

కొత్త క్యామ్, ఫ్లాట్ ట్యాపెట్లు (క్యామ్ మీద రాసుకుంటూ కదిలే చదును అడుగు ముక్కలు) కదా, మొదటిసారి స్టార్ట్ చేయగానే ఐడ్లింగ్‌లో వదలకండి. అరుగుదల తగ్గించే జింక్ ఉన్న ఆయిల్ పోసి, 2000 ఆర్‌పీఎం దగ్గర కాస్త అటూ ఇటూ మారుస్తూ 20 నిమిషాలు తిప్పండి. క్యామ్ లోబుల (ఉబ్బెత్తు భాగాల) మీదికి ఆయిల్ చిమ్మేది ఆ తిరుగుడుకే.