పాత బండికి ట్యూబా, ట్యూబ్‌లెస్సా? ముందు రిమ్ము చూడండి

అందరికీ నమస్కారం. ముందు ఈ ట్యూబు చూడండి. కెమెరా దగ్గరికి తెస్తాను. రిమ్ముకి ఆనుకునే వైపు వరసగా చిన్న చిన్న గుంటలు పడ్డాయి, కనిపిస్తున్నాయా? ఒక్కో గుంట ఒక్కో స్పోక్ నిపుల్, అంటే స్పోక్‌ని రిమ్ముకి బిగించే చిన్న నట్టు, దాని అచ్చు. ఇదిగో, ఇక్కడ మాత్రం గుంట కాస్తా చిల్లు పడింది. దీనికి బయట నుంచి మేకు గుచ్చుకోలేదు, ముల్లు దిగలేదు. లోపల రిమ్ము బెల్టు, అంటే స్పోక్ కొసలు ట్యూబుకి తగలకుండా రిమ్ము చుట్టూ వేసే రబ్బరు పట్టీ, కుళ్ళి పక్కకి జరిగిపోయింది, తుప్పు పట్టిన స్పోక్ కొస వచ్చి ట్యూబుని కోసేసింది.

మా నాన్న 2004 స్ప్లెండర్ వెనక చక్రంలోది ఇది. పోయిన నెల వినుకొండ నుంచి నరసరావుపేట వస్తున్నాం, వెనక అమ్మ కూర్చుంది. ఉన్నట్టుండి బండి వెనక భాగం అటూ ఇటూ ఊగిపోయింది. బ్రేకు గట్టిగా నొక్కకుండా, యాక్సిలేటర్ వదిలేసి, మెల్లగా పక్కకి తీశాను. ఆపేసరికి టైరు నేలకి అంటుకుపోయి ఉంది. ఇద్దరికీ ఏమీ కాలేదు కానీ అమ్మ చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. ఈ ట్యూబు గొడవే వద్దు, ట్యూబ్‌లెస్ వేయించేద్దాం అని ఆ సాయంత్రమే ఒక షాపుకి వెళ్ళాను. "స్పోక్‌ల దగ్గర సిలికాన్ పూసి వేసేద్దాం, చుక్క గాలి పోదు" అన్నారు. నేను వద్దని వచ్చేశాను. ఎందుకు వద్దన్నానో మీకు విడమర్చి చెప్పాలి.

ఇక్కడ రెండు రిమ్ములు పెట్టాను. ఇది స్పోక్ రిమ్ము, ఇది ట్యూబ్‌లెస్‌కి వచ్చే అల్లాయ్. అల్లాయ్ లోపల, టైరు అంచు కూర్చునే చోట వేలితో తడుముతున్నాను చూడండి. ఇక్కడ చుట్టూ సన్నటి గట్టు ఉంది. దీన్ని హంప్ అంటారు. టైరు అంచు, అంటే బీడ్, ఈ గట్టు దాటి బయటి వైపు బిగుసుకుని కూర్చుంటుంది. పంక్చరై గాలి తగ్గినా ఆ అంచు లోపలికి జారకుండా ఆపేది ఈ గట్టే. ఇప్పుడు అదే వేలు స్పోక్ రిమ్ములో పెడుతున్నా. నున్నగా ఉంది. గట్టు లేదు. మధ్యలో ఉన్న గుంటలోకి నేరుగా జారిపోతోంది.

సిలికాన్‌తో 36 స్పోక్‌ల చిల్లులూ మూయొచ్చు, కాదనను. కానీ ఈ గట్టుని ఎవరు తెచ్చి పెడతారు? గాలి నిండా ఉన్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. మలుపులో గాలి తగ్గిందంటే బీడ్ గుంటలోకి పడుతుంది, టైరు రిమ్ము వదిలేస్తుంది. పైగా స్పోక్‌లు ఊరికే ఉండవు. గతుకు పడ్డప్పుడల్లా కొద్దిగా సాగుతాయి, కదులుతాయి. ఆ కదలికకి సిలికాన్ పగుళ్ళిస్తుంది. రేపు చక్రం బెండు తీయించాలంటే నిపుల్స్ తిప్పాలి, పూసిందంతా ఊడదీయాలి. స్పోక్‌లతోనే ట్యూబ్‌లెస్ చక్రాలు కంపెనీలు చేయడం లేదా అంటే, చేస్తున్నాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి ఉన్నాయి. కానీ వాటి రిమ్మునే అందుకోసం తయారు చేశారు. మన పాత స్ప్లెండర్, ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్ స్పోక్ రిమ్ములు అలాంటివి కావు.

మరి పాత అల్లాయ్ బండ్ల సంగతి? చాలామంది పొరబడేది ఇక్కడే. అల్లాయ్ అయినంత మాత్రాన ట్యూబ్‌లెస్‌కి పనికొస్తుందని కాదు. ఒకప్పుడు అల్లాయ్ చక్రాలకే ట్యూబు టైర్లు వేసి అమ్మారు. చక్రం కడిగి, లోపలి అంచుల మీద, ఊచల మీద పోత పోసిన అక్షరాలు చదవండి. "సూటబుల్ ఫర్ ట్యూబ్‌లెస్" అనో, "ట్యూబ్‌లెస్ టైర్ అప్లికబుల్" అనో ఉంటే నిశ్చింతగా వేయించుకోండి. సైజు పక్కన "ఎంటీ" అన్న అక్షరాలుంటే అది హంప్ ఉన్న రిమ్ము. "డబ్ల్యూఎం" అని ఉంటే ట్యూబు రిమ్ము. ఏమీ లేకపోతే ట్యూబే వేసుకోండి. గాలి కొట్టే వాల్ (వాల్వ్) దూర్చే చిల్లు చిన్నగా ఉంది, డ్రిల్లు పెట్టి పెద్దది చేస్తాం అన్నారంటే మాత్రం చక్రం తీసుకుని ఇంటికొచ్చేయండి.

రిమ్ము సరైనదై ఉంటే నా ఓటు ట్యూబ్‌లెస్‌కే, అందులో రెండో మాట లేదు. మా పల్నాడులో పొలం డొంకల నిండా సర్కారు తుమ్మ ముళ్ళు. ట్యూబులో ముల్లు దిగితే అక్కడే కూర్చోవాలి. ట్యూబ్‌లెస్‌లో ఆ ముల్లే చిల్లుకి బిరడాలా ఉండిపోతుంది, గాలి నెమ్మదిగా దిగుతుంది, ఇంటికి చేరిపోతాం. చక్రం విప్పకుండానే చిల్లులోకి రబ్బరు స్ట్రిప్ పెట్టి పంక్చర్ వేసేయొచ్చు.

ఇక ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, మీ సైజులో ట్యూబు టైరు దొరకనప్పుడు. బీడ్ గట్టిగా ఉంటుంది కాబట్టి రోడ్డు పక్కన టైరు విప్పడానికి కష్టపడాలి. దీనికి తిరగేసి, ట్యూబు టైరుని ట్యూబు లేకుండా వేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. గాలిని పట్టి ఉంచే లోపలి పొర దానికి ఉండదు.

నాన్న బండికి ఏం వేశానో చూపిస్తాను. 2.75-18 సైజు ట్యూబు టైరు, వెనక్కి పక్కన 48పీ అని రాసి ఉన్నది తీసుకున్నా. ఆ 48 అంటే 180 కిలోల బరువు మోస్తుందని లెక్క. ముందు చక్రానికి వచ్చే 42 రకం 150 కిలోలకే. అదే సైజు కదా అని కౌంటరు మీద ఏది ఇస్తే అది తెచ్చుకోకండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1425 అంటే 2025లో 14వ వారం తయారీ. పాత సరుకైతే పైన గాడులు ఎంత కొత్తగా ఉన్నా రబ్బరు గట్టిపడిపోతుంది.

టైరు మార్చినప్పుడు ట్యూబు కూడా కొత్తదే వేయండి. పాత ట్యూబు సాగిపోయి ఉంటుంది, కొత్త టైరులో మడత పడుతుంది, ఆ మడత దగ్గరే పగులుతుంది. రిమ్ము బెల్టుకి పెద్ద ఖర్చేం కాదు, అయినా చాలా షాపుల్లో పాతదే వేసేస్తారు. పక్కన నిలబడి కొత్తది అడిగి వేయించుకోండి. వేసే ముందు నేను రిమ్ము లోపల తుప్పు గీకించి, పైకి పొడుచుకొచ్చిన స్పోక్ కొసలు ఆకురాయితో అరగదీయించాను. ఒక గంట పట్టింది. అమ్మ ఆ వెనక సీటు మీదే కూర్చోవాలి, గంట ఎక్కువేం కాదు.

నాన్న బండికి గాలి ముందు చక్రంలో 25 పీఎస్‌ఐ, ఒక్కరే వెళితే వెనక 28. ఇద్దరు ఎక్కితే వెనక ఇంకా పెంచాలి. మీ బండి మీద స్టిక్కరో, మాన్యువలో చూసి ఆ అంకె కొట్టించండి.

ఆఖరిగా ఈ వాల్ నట్టు. దీన్ని రిమ్ముకి బిగించేస్తుంటారు. నేను పైకి తిప్పి, మూత కింద వదిలేశాను. లోపల ట్యూబు జరిగితే వాల్ పక్కకి వంగి కనిపిస్తుంది, తెగక ముందే తెలిసిపోతుంది. ఇదిగో, ఇప్పుడు నిటారుగా ఉంది. వచ్చే వారం నాన్న పొలానికి నాలుగుసార్లు తిరిగాక మళ్ళీ చూస్తాను.