దూబగుంటకు ఎన్ని మార్కులు?

అధ్యక్షుల వారికి, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ముందు ఒక అయోమయం తీర్చేస్తాను. మన ఊళ్లలో ఎన్జీవో అనగానే గుర్తొచ్చేది నాన్ గెజిటెడ్ ఆఫీసరు. ఎన్జీవో కాలనీ, ఎన్జీవో హోమ్, ఎన్జీవోల సమ్మె. ప్రభుత్వ ఉద్యోగికీ ప్రభుత్వేతర సంస్థకూ ఒకే పొడి అక్షరాలు! ఇవాళ నా మాటలు ఆ రెండో ఎన్జీవోను కూడా కలుపుకున్న పౌర సమాజం గురించి. ఇంటికీ, బజారుకీ, ప్రభుత్వానికీ మధ్య జనం తమంతట తాము కూడే చోటు అది. గ్రంథాలయ సంఘం, కార్మిక సంఘం, హక్కుల సంఘం, భజన బృందం అన్నీ అందులోవే. కుల సంఘం వస్తుందా? కాసేపాగి చెబుతాను.

దీని బలాన్ని దేశదేశాల్లో కొలవాలని 1990ల చివర్లో సివికస్ అనే అంతర్జాతీయ కూటమి పూనుకుంది. హెల్మట్ అన్‌హయర్ అనే పండితుడు పద్ధతి తయారుచేసి ఇచ్చాడు. నిర్మాణం, పరిసరాలు, విలువలు, ప్రభావం అని నాలుగు గీతలు. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. గీతల మీద చుక్కలు పెట్టి కలిపితే ఒక బొమ్మ వస్తుంది. వాళ్లు దాన్ని వజ్రం అన్నారు. నా కంటికి మాత్రం తోక కట్టని గాలిపటం. 2003, 2006 మధ్య 50కి పైగా దేశాలకు ఈ గాలిపటం గీశారు.

మార్కులు వేసేది ఆయా దేశాల్లోని సలహా బృందాలే. అది నాకు నచ్చింది. చిక్కూ అక్కడే ఉంది. ఇంటర్ పేపర్లు దిద్దినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఒకే జవాబుకు ఒక మాస్టారు నాలుగు వేస్తే, ఇంకొకాయన రెండుతో సరిపెడతాడు. తమ వ్యవస్థ మీద ఆశలెక్కువున్న దేశం తనను తాను కఠినంగా దిద్దుకుంటుంది. అలాంటప్పుడు ఒక దేశం రెండును ఇంకో దేశం రెండు పక్కన పెట్టి చూడగలమా? అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 1997లో తూర్పు ఐరోపా, మాజీ సోవియట్ దేశాల కోసం మొదలుపెట్టిన సూచీలో 1 వస్తే గొప్ప, 7 వస్తే అధమం. ఎంసెట్ ర్యాంకులాగా అన్నమాట. స్వీడన్‌లో ప్రజాస్వామ్యాన్ని కొలిచే వీడెమ్ అనే సంస్థ కొలతలో 0 కన్నా 1 మేలు. మూడు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాడికి కాసేపు తల తిరుగుతుంది.

అసలు తగాదా ‘బలం’ అనే మాట దగ్గరే. సంఘాలు ఎన్నో లెక్కపెడదామా? 2015లో సీబీఐ సుప్రీంకోర్టుకు చెప్పిన ప్రకారం మన దేశంలో 31 లక్షలకు పైగా స్వచ్ఛంద సంస్థలున్నాయి. ఆదాయ వ్యయాలు దాఖలు చేసేవి పదింట ఒకటి. మిగతావాటిలో ఎన్ని బతికున్నాయో, ఎన్ని బోర్డులుగా మిగిలాయో! పోనీ, అన్నీ బతికే ఉన్నాయనుకుందాం. జర్మనీలో హిట్లర్ రాకముందు, వైమర్ కాలంలో సంఘాలకు కొదవేమీ లేదు. ఆ సంఘాల అల్లికే నాజీలకు ఊరూరా దారి వేసిందని షెరీ బెర్మన్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1997లో వాదించారు. కుల సంఘం ఇక్కడే గుర్తొస్తుంది. ఎందరో పేద పిల్లలు దాని హాస్టల్లో తిని చదువుకున్నారు. వేరే కులం పిల్లవాణ్ణి పెళ్లాడిన అమ్మాయిని వెలి వేయమనేదీ ఒక్కోచోట అదే. నిర్మాణం గీత మీద తెచ్చుకున్న మార్కులు విలువల గీత మీద పోగొట్టుకుంటుంది. అందుకే నాలుగు గీతలూ కావాలి, సగటు తీయకూడదు అంటాను నేను.

ఇక పరిసరాలు, అంటే సంఘాలకు దొరికే స్వేచ్ఛ. సివికస్ ఇప్పుడు పౌర స్వేచ్ఛకు అయిదు మెట్లు పెట్టి, 2019లో భారత్‌ను ‘అడ్డంకులున్న’ మెట్టు నుంచి ‘అణచివేత’ మెట్టుకు దించింది. జాగా ఇరుకైతే బలం తగ్గినట్టేనా? 1980లో పోలండ్‌లో పుట్టిన సాలిడారిటీ అనే కార్మిక సంఘంలో కోటిమంది దాకా చేరారు. 1981 డిసెంబరులో సైనిక శాసనం వచ్చింది, నాయకులు జైలుకెళ్లారు, సంఘాన్ని నిషేధించారు. 1982లో ఎవరైనా కూర్చుని పరిసరాల గీతకు మార్కులు వేసి ఉంటే సున్నా పడేది. 1989 ఎన్నికల్లో గెలిచింది ఆ సున్నాలో ఉన్నవాళ్లే.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పి కూర్చుంటాను. 1992, నెల్లూరు జిల్లా దూబగుంట. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ పాఠం పక్క ఊళ్లకు పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఆ ఆడవాళ్లు మొదట కదిలినప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు లేదు, రసీదు పుస్తకం లేదు. నిర్మాణానికి ఎంత వేస్తారు? సారా మీద ఆదాయం తిన్నదీ, వాళ్లకు అక్షరాలు నేర్పించిందీ ఒకే ప్రభుత్వం. పరిసరాలకు ఎంత? ప్రభావానికి 1995లో దిద్దితే మూడు పడుతుంది, 1997లో దిద్దితే?

మీ అందరి చేతుల్లో నాలుగు గీతలున్న కాగితం ఉంది. పది నిమిషాలు తీసుకోండి. పక్కవాళ్ల కాగితం చూడొద్దు, తర్వాత చూసుకుందాం.